మా తరగతిలో ఒక పాప

తెలుగు చదవడం నేను నలభై దాటాక నేర్చుకున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా వాళ్ళు ఈ కోయంబత్తూరు పక్కకు ఎప్పుడు వచ్చారో, ఎక్కడి నుంచి వచ్చారో మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. వచ్చారు, బావులు తవ్వుకున్నారు, ఇక్కడివాళ్ళయిపోయారు. నేను బడిలో చదివింది తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. మా పెళ్ళిపత్రికల మీద కూడా తెలుగు అక్షరం ఉండదు. కారమడై దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరి, అక్కడే ఉండిపోయాను. తెలుగు చదవాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఒకసారి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక బ్లాగు లింకు పెట్టారు. పిల్లలకు లెక్కలు ఎలా చెప్పాలో ఒకావిడ మన భాషలో రాస్తున్నారు, టీచర్లు చూడండి అని. తెరిస్తే ఒక్క అక్షరం కూడబలుక్కోలేకపోయాను. ఫోను చదివి వినిపిస్తుందని తెలుసు కాబట్టి వంటింట్లో దాన్ని గోడకు ఆనించి పెట్టి విన్నాను. జీవం లేని గొంతు. సగం మాటలు నాకు కొత్త. అయినా చెబుతున్న సంగతి తెలిసింది. పిల్ల తప్పు జవాబు రాస్తే ఎర్ర గీత కొట్టే ముందు, ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లనే అడగమంటోంది ఆవిడ. తన తరగతిలో జరిగింది చెబుతోంది. ఎవరు ఏమన్నారు, తను ఏమంది, కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు ఎందుకు నవ్వాడు, అన్నీ.

మా అత్త కూర తరుగుతూ వింటోంది. మా పక్క ముద్దుగా పిలవాలంటే కన్నూ అంటారు.

"ఎవురు కన్నూ ఆ మనిషి? రేడియోలో వార్తలు చెప్పినట్ల చెప్తా ఉండాది."

"లెక్కల గురించి అత్తా."

"లెక్కల గురించి మాట్లాడేదానికి ఏముండాది? వస్తే వస్తాది, రాకుంటే రాదు."

మా స్కూల్లో కూడా అందరి అభిప్రాయమూ అదే. నూటికి నూరు మార్కులను మా పక్క సెంటం అంటారు. ఎంతమందికి సెంటం వచ్చిందన్నది స్కూలు గేటు మీద ఫ్లెక్సీ కట్టి చెబుతారు. మిగతా పిల్లల గురించి ఎవరూ ఏమీ కట్టరు.

ఫోను గొంతు విసుగనిపించి అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ బ్లాగే నాకు వాచకం. ముందు వినేదాన్ని, తర్వాత అదే పోస్టు వేలు పెట్టి చదువుకునేదాన్ని. భిన్నం అన్న మాట మొదటిసారి చదివినప్పుడు, అది మేము తమిళంలో చదువుకున్న పిన్నమే అని తెలిసి చిన్నపిల్లలా సంతోషపడ్డాను. ఇవాళ నేను ఈ మాత్రం తెలుగు రాస్తున్నానంటే అది ఆవిడ పుణ్యమే. ఆవిడ మీద ఎంత కోపమున్నా ఆ మాట కాదనలేను.

ఆరో క్లాసులో నాకు ఒక పిల్ల ఉండేది. మా వైపు పిల్లే, ఇంట్లో తెలుగు. తండ్రి వాళ్ళను వదిలేసి తిరుప్పూరులో వేరే కాపురం పెట్టాడు. తల్లి స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టులు చేసి చదివించేది. ఆ పిల్లకు వేగం లేదు. ఏదైనా అడిగితే జడ కొస నోట్లో పెట్టుకుని చాలాసేపు చూసేది. ఈలోగా చుట్టూ మూడు చేతులు లేచేవి.

భిన్నాల కూడిక చెబుతున్న రోజులు. అర, దానికి మూడింట ఒకటి కలపమని ఇచ్చాను. ఆ పిల్ల పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడి ఐదింట రెండు అని రాసింది. ప్రతి సంవత్సరం ప్రతి క్లాసులో ఎవరో ఒకరు చేసే తప్పే. ఎర్ర గీత కొట్టబోయి, బ్లాగు గుర్తొచ్చి, "ఇది ఎట్ల వచ్చింది?" అని అడిగాను. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలని మా స్కూల్లో రూలు. ఆ పిల్ల ఇంగ్లీషులో మొదలుపెట్టి, తడబడి, మా భాషలోకి వచ్చేసింది. నొక్కి చెప్పాలంటే తమిళంలో లాగే మేమూ మాట వెనక 'దా' తగిలిస్తాం.

"మీరు దా అట్ల కూడినారు మిస్."

"నేనా? యాడ?"

తన నోటు పుస్తకం తెరిచి చూపించింది. నేను రోజూ పిల్లలకు చిన్న లెక్కలిచ్చి మార్కులు వేసేదాన్ని. సోమవారం ఇచ్చిన రెండు లెక్కల్లో దానికి ఒకటి వచ్చింది, 1/2 అని వేశాను. మంగళవారం మూడింటిలో ఒకటి వచ్చింది, 1/3. దాని కింద మొత్తం 2/5 అని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను.

"మీరు కూడితే రైటు, నేను కూడితే తప్పా మిస్?"

ఎదురు చెప్పడం కాదు. నిజంగానే తెలియక అడిగింది. క్లాసంతా నా వంక చూసింది. రేపు చెప్తానని అన్నాను. ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు, ఏదో తేడా ఉందని తెలుస్తోంది గాని ఆ పిల్లకు తెలిసేలా చెప్పడానికి మాట దొరకలేదు.

ఆ సాయంత్రమే బ్లాగు ఆవిడకు మెయిలు రాశాను. రాయడం ఇంకా చేతకాదు, నోటితో చెబితే ఫోను రాసింది. మా మాట దానికి సరిగా అర్థం కాదు. ఉండాది అంటే ఇంకేదో రాస్తుంది. దిద్దీ దిద్దీ పంపాను. ఆ పిల్ల జడ కొస నమలడం దగ్గర నుంచి అన్నీ చెప్పాను. తప్పులుంటే మన్నించండి, మేము తమిళనాడు తెలుగువాళ్ళం అని చివర రాశాను.

తెల్లారేసరికి జవాబు వచ్చింది. పెద్ద జవాబు. ఎంత ప్రేమగా రాసిందో ఇప్పటికీ గుర్తుంది. "ఆ పాప తప్పు చేయలేదండీ. మీరు అడగని ఇంకో ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది. ఆ ప్రశ్న ఏమిటో ఆ పాపతోనే చెప్పించండి. ఒకే కొబ్బరికాయలో సగమూ, మూడో వంతూ ఇచ్చి చూడండి" అని.

క్లాసులో అలాగే చేశాను. బోర్డు మీద కొబ్బరికాయ గీశాను. సగం ఒకరికి, మూడో వంతు ఇంకొకరికి. ఇద్దరిదీ కలిపితే సగం కన్నా తక్కువ ఎట్ల అవుతుందని అడిగాను. పిల్లలందరూ అరిచారు. అది అరవలేదు. జడ నోట్లో పెట్టుకుని నిలబడింది.

"మార్కులో అయితే తక్కువయ్యేది నిజం దా మిస్. సోమవారం సగం వచ్చింది. రెండు రోజులూ చూస్తే సగం కూడా రాలేదు. కొబ్బరికాయ ఒగటే. మార్కులో అయితే దినానికి ఒక కాయ, ఒగటి చిన్నది, ఒగటి పెద్దది."

ఇది చెప్పి కూర్చుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అలాంటి రోజు అదొక్కటే అనుకుంటాను. ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను, మా ఆయనకు చెప్పాను. వాళ్ళకు అందులో గొప్పేమిటో తెలియలేదు. అర్థమయ్యే మనిషి ఒకరే ఉన్నారు. ఆవిడకు రాశాను, దాని మాటలు ఉన్నవున్నట్టు.

కొన్ని వారాల తర్వాత బ్లాగులో కొత్త పోస్టు వచ్చింది. పేరు, "మా తరగతిలో ఒక పాప".

వేలు పెట్టి చదువుతుంటే నా క్లాసు కనబడుతోంది. జడ కొస, సోమవారం, మంగళవారం, కొబ్బరికాయ, అన్నీ ఉన్నాయి. పిల్ల మాటలు ఆవిడ వైపు తెలుగులోకి మారాయి. నేనున్న చోట "నేను" అని ఆవిడ ఉంది. కింద ఎంతోమంది మెచ్చుకుంటూ రాశారు. ఇలాంటి టీచరు దొరకడం ఆ పాప అదృష్టం అని ఒకరు.

అత్తకు చదివి వినిపించాను.

"ఇది మన పిల్ల కత గదా? వాళ్ళ క్లాసులో అంటా ఉండాది ఏంటికి?"

"మా అంటే మనందరిదీ అని అత్తా. రాసేటప్పుడు అట్ల దా రాస్తారు."

నాకు నేను చెప్పుకున్నదే ఆమెకూ చెప్పాను. అసలు నాకు అప్పుడు బాధ లేదు. ఎక్కడో ఉన్న జనం మా స్కూలు పిల్ల మాటను చదువుతున్నారని గర్వంగానే ఉంది. కారమడై పక్క పిల్ల అని ఒక్క మాట కలపకూడదా అని మాత్రం ఆవిడకు రాశాను. పిల్లల వివరాలు బయట పెట్టకూడదు కదండీ, పైగా చదివేవాళ్ళ దృష్టి ఊరి మీదికి పోతుంది అని జవాబు. సబబే అనిపించింది. ఆ తర్వాత కూడా నా క్లాసులో జరిగినవి రాసి పంపుతూనే ఉన్నాను. అవి ఒకటొకటిగా ఆవిడ తరగతిలో జరుగుతూ వచ్చాయి. ఆవిడకు పుస్తకం వచ్చింది. టీచర్ల సభలకు పిలుస్తున్నారని ఫొటోలు పెట్టేది.

ఆ పిల్ల ఎనిమిది వరకు నా దగ్గరే చదివింది. మార్కులు గొప్పగా ఎప్పుడూ రాలేదు. గంటలో రాయాల్సింది గంటన్నర కావాలి దానికి. కానీ రాసినంత మేరకు తెలిసి రాసేది. తొమ్మిది నుంచి లెక్కలు వేరే టీచరుకి. ఆయన సెంటాలు తెప్పించడంలో పేరున్నవాడు. రోజూ పొద్దున టెస్టు, సాయంత్రం టెస్టు. ఆ పిల్ల అరసంవత్సరం పరీక్షలో ఫెయిలయింది. తర్వాతి పరీక్షలోనూ ఫెయిలయింది.

ఏడాది చివర వాళ్ళ అమ్మను పిలిచారు. మా పక్క స్కూలు యజమానిని కరస్పాండెంట్ అంటారు. ఆయన రూములో ఏం జరిగిందో ఆమె నేరుగా మా ఇంటికి వచ్చి చెప్పింది. మిల్లు యూనిఫాం మీదనే ఉంది, తలలో దూది అలాగే ఉంది.

"టీసీ తీసుకోమంటా ఉండారు మిస్. పాసు అని వేసి ఇస్తాము, యాడన్నా చేర్చుకో అంటా ఉండారు. టెన్తులో ఇది ఫెయిలైతే స్కూలు పేరు పోతాదంట. మీరు ఒక మాట చెప్పండి మిస్. మీరంటే దీనికి పేణం."

పిల్ల వాకిట్లో చెప్పుల దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

మర్నాడు కరస్పాండెంట్ దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషే అని ఊళ్ళో పేరు. ఆయనా తెలుగువాడే, మిల్లు ఉంది, కొబ్బరితోటలున్నాయి. ఆ పిల్ల ఆలోచించే పిల్ల సార్, ఒక సంవత్సరం నాకు వదలండి, సాయంత్రాలు నేను చూసుకుంటాను అన్నాను.

"మిస్, ఆలోచించేదానికి గవర్నమెంటు పరీక్షలో మార్కు ఉండాదా? చెప్పండి. ఉండాదా?"

లేదు సార్ అన్నాను. ఇంగ ఏముండాది అన్నట్టు చేతులు విప్పాడు.

అప్పుడు నాకు బ్లాగు ఆవిడ గుర్తొచ్చింది. బయటివాళ్ళు, పుస్తకాలు రాసినవాళ్ళు చెబితే మా కరస్పాండెంట్ వింటాడు. మీ పోస్టులో పాప ఈ పిల్లే అని రెండు వాక్యాలు ఆయనకు మెయిలు చేయమని అడిగాను. జవాబు రాలేదు. నంబరు ఎప్పుడో ఇచ్చింది, ఎప్పుడూ చేయలేదు. ఆ రోజు చేశాను. ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. మెత్తటి గొంతు.

"అయ్యో, ఎంత అన్యాయమండీ. కానీ మీ స్కూలు విషయంలో నేను తలదూర్చితే బాగుంటుందా? మీకే ఇబ్బంది అవుతుందేమో ఆలోచించండి."

"నాకు ఇబ్బంది లేదు మేడం. ఆ క్వశ్చన్ అడిగింది ఈ పిల్ల దా అని ఒక మాట రాస్తే చాలు."



"నేను ఆలోచించి మీకు చెబుతానండీ."

చెప్పలేదు. టీసీ ఇచ్చేశారు. జూన్‌లో స్కూలు తెరిచేసరికి ఆ తల్లీకూతుళ్ళు ఇల్లు ఖాళీ చేసి పొల్లాచ్చిలో ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారని తెలిసింది. వెళ్ళేటప్పుడు నాకు చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర వాళ్ళకు ఏం మిగిలింది గనక.

ఆ సంవత్సరమే మదురైలో ఆవిడ ప్రసంగం ఉందని బ్లాగులో చూశాను. దక్షిణాన మిల్లులు నడిపే మన తెలుగు కుటుంబాల స్కూళ్ళు కొన్ని కలిసి టీచర్ల కోసం పెట్టుకున్న సభ. మమ్మల్ని పంపలేదు. నేనే సెలవు పెట్టి, తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళాను. ఆరప్పాళయం బస్టాండులో దిగి, టౌన్ బస్సులో మాట్టుతావణికి పోయి, అక్కడ కూరగాయల లారీల మధ్య నుంచి ఆటో పట్టుకుని ఆ కాలేజీ హాలు చేరేసరికి సభ మొదలైంది. వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరసలో మా కరస్పాండెంట్ ఉన్నాడు.

ఏం అడగాలని వెళ్ళానో నాకే స్పష్టంగా లేదు. ఎందుకు రాయలేదు అని అడగాలనుకున్నాను. అంతకన్నా, ఆవిడను చూడాలనుకున్నాను.

ఆవిడ ఎక్కువ ఇంగ్లీషులో, మధ్యమధ్య తెలుగులో మాట్లాడింది. బాగా మాట్లాడింది. కాసేపటికి మా పిల్ల వచ్చింది. "నా క్లాసులో ఒక పాప ఉండేది" అని మొదలుపెట్టి, తన భుజం మీది జుట్టు కొస తీసి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. హాలంతా నవ్వింది. మీరు కూడితే రైటు, నేను కూడితే తప్పా అన్న చోట ఆగింది. ఎక్కడ ఆగాలో ఆవిడకు బాగా తెలుసు. చప్పట్లు. మా కరస్పాండెంట్ పక్కనున్న ఆయన వైపు తిరిగి, తల ఊపుతూ ఏదో చెబుతున్నాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల గొంతు ఎట్లా ఉండేదో ఆ హాల్లో నా ఒక్కదానికే తెలుసు.

టీ ఇచ్చే చోట ఆవిడ దగ్గరికి వెళ్ళి నేనెవరో చెప్పాను. ఆవిడ మొహం ఒక్క క్షణం బిగిసింది. వెంటనే నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా! ఇంత దూరం వచ్చారా నాకోసం! రండి, ఒక ఫొటో తీసుకుందాం."

ఫొటో తీయించింది. తర్వాత నేను అడిగాను.

"మీరు ఏ స్కూల్లో చెప్తా ఉండారు మేడం? బ్లాగులో ఎప్పుడూ రాయలేదు."

"స్కూల్లోనా? నేను స్కూల్లో ఎప్పుడూ చెప్పలేదండీ. మా వాడికి ఇంట్లో కొన్నాళ్ళు చెప్పాను, అంతే. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం."

"మరి ఆ క్లాసు? కిటికీ పక్కన పిల్లవాడు, వాళ్ళంతా?"

నవ్వింది. ఎగతాళి కాదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"రాయడానికి ఒక క్లాసు కావాలి కదండీ. చదివేవాళ్ళకి బల్లలు, పిల్లలు కనపడాలి. ఊరికే సూత్రాలు రాస్తే ఎవరు చదువుతారు? విషయం నిజమే కదా, అది చాలు."

వంటింట్లో ఫోను గోడకు ఆనించుకుని విన్న ఆ పిల్లలందరూ ఒక్కసారి లేకుండా పోయారు. వాళ్ళను చూసే నా క్లాసును మార్చుకున్నాను. వాళ్ళ టీచరులా ఉండాలని, కోపం వస్తే నోరు మూసుకుని బయటికి చూసేదాన్ని. నిజంగా ఉన్న పిల్లలు నేను రాసి పంపినవాళ్ళే.

"ఆ పిల్లకి టీసీ ఇచ్చి పంపేసినారు మేడం" అన్నాను.

"అవునా. చాలా బాధగా ఉందండీ. మన సిస్టమే అలా ఉంది. దీని మీద తప్పకుండా ఒక పోస్టు రాస్తాను."

అంతలో మా కరస్పాండెంట్ టీ గ్లాసుతో వచ్చాడు. నన్ను అక్కడ చూసి ఆశ్చర్యపోయాడు, సంతోషించాడు కూడా.

"మా మాథ్స్ మిస్ మేడం. సొంతంగా వచ్చినట్ల ఉండారు, చూడండి!" అని, నా వైపు తిరిగి, "విన్నారా మిస్? ఒక చిన్నపిల్ల, ఎంత బుద్ధిగా అడిగింది! ఇట్లాంటి పిల్లకాయలు మన స్కూల్లో ఏంటికి లేరు? అదే నేను ఆలోచిస్తా ఉండాను."

"ఉండింది సార్" అన్నాను. "ఆ పిల్ల మన పిల్ల దా. ఆ క్వశ్చన్ అడిగింది నా క్లాసులో. మీరు దా మొన్న ఎండాకాలం టీసీ ఇచ్చినారు."

నా గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది. పక్కన బిస్కెట్లు తీసుకుంటున్నవాళ్ళు చూశారు. ఆయన నా మొహం చూసి, ఆవిడ మొహం చూశాడు. అడగకుండానే అడిగినట్టు. నేనూ ఆవిడ వైపే చూశాను. అవును అంటే చాలు. ఒక్క మాట.

ఆవిడ టీ కప్పు కింద పెట్టి, చిరునవ్వుతో అంది, "ఇలాంటి పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారండీ. మనం చూడాలి, అంతే."

"వావ్" అన్నాడు ఆయన. "చూసినారా మిస్, దీన్ని దా నేను చెప్పేది."

ఆవిడను ఎవరో పిలిచారు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి వెళ్ళింది. ఆ చెయ్యి బరువు బస్సులో కూడా తెలుస్తూనే ఉంది. తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఆవిడ మల్లెపూలు కడుతూ, ఎవరింట్లో చావమ్మా అని తమిళంలో అడిగింది. ఎవరూ పోలేదు అన్నాను. నమ్మలేదు.

కరస్పాండెంట్ నా మీద కోపం పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నాకు మర్యాదగా ఉండేది. అసలు నేనన్నది ఆయన చెవిలో పడిందో లేదో కూడా నాకు అనుమానమే. పది రోజులకే స్టాఫ్ మీటింగు పెట్టి, శనివారాల్లో "థింకింగ్ క్లాస్" అని కొత్త పీరియడ్ పెట్టాడు. బాధ్యత నాకు. ఆవిడ పుస్తకాలు లైబ్రరీకి తెప్పించాడు. గోడకు రంగుల చార్టు వేయించాడు. కొబ్బరికాయ బొమ్మ, పక్కన జడ నోట్లో పెట్టుకున్న పాప బొమ్మ, కింద ఆవిడ పేరు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు ఆ గది చూపిస్తారు. తొమ్మిదో క్లాసు చివర టీసీలు ఇవ్వడం మాత్రం మానలేదు. ఈ సంవత్సరం కూడా ఇచ్చారు.

మదురైలో అన్నదంతా మెయిలులో ఆవిడకు మళ్ళీ రాశాను, ఈసారి ఫోను సాయం లేకుండా, నా చేత్తోనే కొట్టి. తిట్టలేదు. మీరు ఆ రోజు అవును అనవలసింది అని మాత్రం రాశాను. దానికి జవాబు రాలేదు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మా ఆయన, "మానేసి ఇంకో స్కూలుకు పోతే అక్కడ టీసీ ఇయ్యరా?" అన్నాడు. ఇస్తారు. అందుకే మానలేదు.

ఆ పిల్లను తర్వాత ఒకసారి చూశాను. పొల్లాచ్చిలో మా ఆడపడుచు ఇంట్లో విశేషానికి వెళ్ళి, సంత పక్క వీధిలో నడుస్తుంటే ఎండుకొబ్బరి వ్యాపారం చేసే ఒక మండీలోంచి "మిస్!" అని పిలిచింది. పొడుగైంది. జుట్టు కత్తిరించుకుంది. అక్కడ బిల్లులు వేసే పనిలో చేరింది. గవర్నమెంటు స్కూల్లో టెన్తు పాసై, కామర్సు తీసుకుని, పన్నెండుతో ఆపేసిందట.

"అమ్మ?"

"నడుము నొప్పి మిస్. మిల్లు మానేసింది. ఇంట్లో ఉండాది."

కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. ఇళనీరు బోండాం తెప్పించింది. తాగుతూ ఉండగా ఆగలేక చెప్పేశాను, నువ్వు ఆరో క్లాసులో ఇట్లా అడిగావు, అది పుస్తకంలో వచ్చింది, మదురైలో హాలంతా చప్పట్లు కొట్టారు అని. ఆ మాట ఎవరిదో దానికైనా తెలియాలని నా ఆశ. కనుబొమలు ముడిచి వింది.

"నేనా మిస్? నాకు జ్ఞాపకం లేదు." తర్వాత నవ్వింది. "తెలివి లేకుండా ఏందో అడిగి ఉంటాను. తిట్టినారా మిస్ ఆ దినం?"

"లేదు కన్నూ. తిట్టలేదు."

"లెక్కంటే నాకు ఇప్పటికీ భయం దా మిస్. ఇక్కడ అన్నీ కంప్యూటరే వేస్తాది, పరవాయిల్లా."

నువ్వు బాగా ఆలోచించేదానివి అని నాలుగు రకాలుగా చెప్పాను. పెద్దవాళ్ళు ఏదో చెబుతున్నారు, వినాలి అన్నట్టు మర్యాదగా తల ఊపింది. ఈలోగా లోపలి నుంచి యజమాని పిలిచాడు. ఒక్క నిమిషం మిస్ అని వెళ్ళింది. చాలాసేపు రాలేదు. బస్సు వేళవుతోందని లేచి వచ్చేశాను.

కిందటి నెల ఆవిడ దగ్గర నుంచి మెయిలు వచ్చింది. మధ్యలో ఏమీ జరగనట్టే ఉంది. రెండో పుస్తకం రాస్తున్నానని, ఈసారి ఏడు, ఎనిమిది తరగతుల బీజగణితం మీద అని. "మీ తరగతి గదిలో ఎప్పుడూ ఏదో ఒక అద్భుతం జరుగుతుంది. ఈ మధ్య పిల్లలు ఏమైనా ఆసక్తికరంగా అడిగారా? తీరిక చేసుకుని రాయండి" అని చివర రాసింది.

ఆ వారంలోనే ఏడో క్లాసులో ఒక అబ్బాయి, x విలువ తెలియనప్పుడు దాన్ని దాంతోనే కొట్టేయడం ఎట్ల మిస్, అది సున్నా అయి ఉంటే అన్నాడు. చాలా మంచి ప్రశ్న. మెయిలుకు జవాబు ఇవ్వలేదు. ఆ అబ్బాయికి లెక్కల్లో ముప్పై అయిదు వస్తోంది. ఇంకో రెండేళ్ళలో తొమ్మిదికి వస్తాడు.